నడుమ లోహం ఉన్న సిలికాన్ క్లస్టర్లు: 18 ఎలక్ట్రాన్ల లెక్క ఎంతవరకు పనికొస్తుంది?

స్ఫటికరేఖ (ప్రశ్న)

లోహ పరమాణువును మధ్యలో పెట్టుకుని సిలికాన్లు పంజరంలా అల్లుకునే క్లస్టర్ల గురించి అడుగుతున్నాను. రాత తేలిక కోసం టంగ్‌స్టన్@12 అంటే 12 సిలికాన్ల నడుమ ఒక టంగ్‌స్టన్ అనుకోండి.

ఎంత చదివినా లెక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. హియురా, మియాజాకి, కనయామా 2001లో లోహ అయాన్లను బంధించి సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్‌ల సమ్మేళనం) వాయువుతో చర్య జరిపించారు. హాఫ్నియం 14 సిలికాన్ల దగ్గర ఆగింది. టాంటలం 13, టంగ్‌స్టన్ 12, రీనియం 11, ఇరిడియం 9. లోహపు వేలన్సీ ఎలక్ట్రాన్లకు ఒక్కో సిలికాన్ తరఫున ఒకటి కలిపితే అయిదింటికీ 18 వస్తుంది, లోహపు ఎస్, పీ, డి ఆర్బిటాళ్లన్నీ నిండే సంఖ్య. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

అదే పద్ధతిలో టైటానియం@16కి 20 వస్తుంది, కానీ స్థిరత్వానికి పేరుపడ్డ క్లస్టర్ అదే. అక్కడ మాత్రం సిలికాన్‌కి నాలుగేసి లెక్కగట్టి 68 అంటున్నారు. ఇక క్రోమియం@12. టంగ్‌స్టన్ గ్రూపే, 6కి 12 కలిపితే అదే 18. అయినా 2014లో ఖన్నా బృందం అందులో లోహం చుట్టూ 16 ఎలక్ట్రాన్లే పనిచేస్తున్నాయని, 18 నియమం వర్తించదని చూపింది. పైగా 1987లో బెక్ చేసిన లేజర్ ప్రయోగాల్లో క్రోమియం, మాలిబ్డినం, టంగ్‌స్టన్ మూడింటికీ మాస్ స్పెక్ట్రంలో పైకి లేచిన శిఖరాలు 15, 16 దగ్గరే. 12 దగ్గర కాదు.

నా సందేహాలు ఇవి. సిలికాన్ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుందా, నాలుగా? ఆకారాన్ని నిర్ణయించేది ఎలక్ట్రాన్ల సంఖ్యా, లోహం సైజా? ఒకే లోహానికి రెండు ప్రయోగాల్లో రెండు మ్యాజిక్ సంఖ్యలు (ప్రత్యేకించి పైకి కనిపించే సైజులు) ఎందుకొస్తాయి?

---

గుచ్ఛగణితం

టంగ్‌స్టన్@12లో ఎవరూ కాదనలేని సంఖ్య 54 ఒక్కటే. సిలికాన్లవి 48, టంగ్‌స్టన్‌వి 6. 18 అనేది ఆ 54ని ఒక పద్ధతిలో పంచితే మిగిలే వాటా. పంపకం మార్చండి, వాటా మారుతుంది.

మొదటి పంపకం మీరు రాసినదే. 12 సిలికాన్లను షట్కోణ ప్రిజం (ఒకదాని మీద ఒకటి రెండు షట్కోణాలు) మూలల్లో పెడదాం. దానికి 12 మూలలు, 18 అంచులు. ప్రతి అంచూ ఒక మామూలు సిలికాన్-సిలికాన్ బంధం అనుకుంటే 36 ఎలక్ట్రాన్లు వాటికి పోతాయి. 54లో మిగిలినవి 18. అంటే ప్రతి సిలికాన్ మూడు ఎలక్ట్రాన్లు పొరుగువాళ్లకిచ్చి, నాలుగోది లోపలికి, లోహం వైపు తిప్పినట్టు.

రెండో పంపకం క్లస్టర్ రసాయనంలో వాడేది. ప్రతి మూలకీ మూడు పొరుగులున్న పంజరానికి మూలకి 5 చొప్పున ఎలక్ట్రాన్లు కావాలి: అంచు బంధాలకు 36, బయటికి తిరిగిన ఒంటరి జంటలకు 24, మొత్తం 60. మన దగ్గర ఉన్నవి 54, ఆరు తక్కువ. ఈ కథనంలో సిలికాన్ 3ఎస్ జంట బయటే ఉండిపోతుంది, అంచుల మీద బంధాలు కాస్త పలచబడతాయి, ఆ లోటును లోహపు డి ఆర్బిటాళ్లు పంచుకుని పూడుస్తాయి.

ఏది నిజం అంటే రెండింటి మధ్య ఎక్కడో. సిలికాన్‌లో 3ఎస్, 3పీ ఆర్బిటాళ్ల సైజుల్లో తేడా కార్బన్‌లో కన్నా ఎక్కువ, అందుకని హైబ్రిడీకరణ పూర్తిగా జరగదు. లోపలికి తిరిగిన ఒక్క ఎలక్ట్రాన్ బొమ్మ గీయడానికి బాగుంటుంది, అదే వాస్తవమని పట్టుకుంటే మాత్రం క్రోమియం దగ్గర తడబడతాం.

ఎందుకో సౌష్ఠవం చెబుతుంది. ప్రిజంలోని 12 లోపలి ఆర్బిటాళ్లను కలిపి చూడండి. పై షట్కోణానికి ఆరు, కింది దానికి ఆరు. లోహపు ఎస్, మూడు పీ, అయిదు డి ఆర్బిటాళ్లతో సౌష్ఠవం కలిసేవి వాటిలో ఎనిమిదే. మిగతా నాలుగింటికి లోహం మీద జోడీ లేదు. ఎనిమిది బంధక జంటలంటే 16 ఎలక్ట్రాన్లు. లోహం వైపు ఆర్బిటాళ్లు తొమ్మిది. ఎస్, డి-జెడ్² రెండూ ఒకే సౌష్ఠవంలో (ఏ1జీ) పడతాయి, కానీ పంజరం వాటికి ఇవ్వగలిగింది ఒక్కటే. అందువల్ల తొమ్మిదోదిగా డి-జెడ్² స్వభావమున్న ఆర్బిటాల్ ఒకటి బంధంలో పెద్దగా పాలుపంచుకోకుండా మిగిలిపోతుంది. 18 నియమం నిలబడాలంటే అది కిందే ఉండి నిండాలి.

క్రోమియం@12లో ఆ ఆర్బిటాల్ పంజరపు ఆర్బిటాళ్లతో ఢీకొని పైకి పోయి ఖాళీగా ఉంటుందన్నదే 2014 నాటి వాదన. మొత్తం 54 అలాగే ఉంటాయి, ఆ రెండు ఎలక్ట్రాన్లు పంజరానికి చెందిన వేరే ఆర్బిటాల్‌లో కూర్చుంటాయి. కాబట్టి లోహం చుట్టూ 16. ఆ బృందం లెక్కల్లో క్రోమియం@12 ఇరుగుపొరుగు సైజుల కన్నా ప్రత్యేకంగా మెరవలేదు, క్రోమియం@14 మెరిసింది.

ఇప్పుడు సైజు సంగతి. ఇది కాగితం మీద అయిదు నిమిషాల పని, కంప్యూటర్ ముందు కూర్చునే ముందు తప్పక చేయాలని నా అభిప్రాయం. అన్ని అంచులూ సమానమైతే కేంద్రం నుంచి మూలకి దూరం అంచు పొడవుకి ఎన్ని రెట్లో చూడండి: ఘనానికి 0.866, పంచకోణ ప్రిజానికి 0.987, షట్కోణ యాంటీప్రిజానికి (పై షట్కోణాన్ని తిప్పి పెట్టినది) 1.088, షట్కోణ ప్రిజానికి 1.118, పన్నెండు పంచకోణాల డోడెకాహెడ్రన్‌కి 1.401. స్ఫటిక సిలికాన్‌లో బంధం 2.35 ఆంగ్‌స్ట్రాంలు. పంజరంలో కొద్దిగా సాగుతుంది కాబట్టి 2.40 పెట్టండి. దూరాలు వరసగా 2.08, 2.37, 2.61, 2.68, 3.36 వస్తాయి.

వీటి పక్కన సంయోజక వ్యాసార్థాల మొత్తాలు పెట్టండి. సిలికాన్ 1.11, టంగ్‌స్టన్ 1.62, కలిపితే 2.73. షట్కోణ ప్రిజంలో టంగ్‌స్టన్ దాదాపు కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది. క్రోమియం 1.39, మొత్తం 2.50, ప్రిజం దానికి కాస్త వదులు. 20 మూలల డోడెకాహెడ్రన్‌లో ఏ ఒక్క డి-లోహమూ గోడలను సరిగా అందుకోలేదు, అందుకే కార్బన్ ఫుల్లరీన్ల దారి సిలికాన్‌కి నడవదు. ఐకోసాహెడ్రన్ (12 మూలలు, 20 త్రిభుజాలు) సంగతి వేరు. దాని నిష్పత్తి 0.951, అంటే టంగ్‌స్టన్‌కి చోటివ్వాలంటే అంచు 2.87 ఆంగ్‌స్ట్రాంలకు సాగాలి. సీసం, తగరం అయిదేసి పొరుగులతో పొడుగు బంధాలను ఇష్టంగా భరిస్తాయి. సిలికాన్ భరించదు, మూడు పొట్టి బంధాలే దానికి ఇష్టం.

టైటానియం@16 ఎక్కడ సరిపోతుందంటే, విజయ్ కుమార్, కవజోయె 2001లో చూపిన ఫ్రాంక్-కాస్పర్ ఆకారం చూడండి. మూలలు కోసిన టెట్రాహెడ్రన్‌కి 12 మూలలు, దాని నాలుగు షట్కోణ ముఖాల మీద ఒక్కో టోపీ సిలికాన్, మొత్తం 16. ముఖాలన్నీ త్రిభుజాలే, 28 ఉంటాయి. అంచులు 42. ఆ 12 మూలలకు అయిదేసి సిలికాన్ పొరుగులు, టోపీలకు ఆరేసి. 2.40 అంచుతో కేంద్రం నుంచి ఆ 12కి దూరం 2.81. టైటానియం, సిలికాన్ వ్యాసార్థాల మొత్తం 2.71, టోపీలు ఇంకాస్త దగ్గరికి వస్తాయి. ఇక్కడ అంచుకో బంధం అంటే 84 ఎలక్ట్రాన్లు కావాలి, ఉన్నవే 68. అంచు బంధాల భాష ఇక్కడ పలకదు కాబట్టే అందరూ మొత్తం 68ని గోళపు పెంకుల్లో నింపి చూస్తారు: 1ఎస్, 1పీ, 1డి, 1ఎఫ్, 2ఎస్, 1జీ, 2పీ, 2డి. వరసగా 2, 6, 10, 14, 2, 18, 6, 10. కూడితే 68.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: సిలికాన్ ఎప్పుడూ నాలుగే ఇస్తుంది. మూడు పొరుగులున్న ఆకారంలో మూడింటిని ముందే అంచులకు కేటాయించేసి, మిగిలిన ఒకటిని మాత్రం చెబుతాం. త్రిభుజాల పంజరంలో అలా విడదీయలేం, నాలుగూ చెబుతాం.

---

కిరణపుంజం

మూడో ప్రశ్నకి ప్రయోగం వైపు నుంచి.

సైలేన్ ప్రయోగంలో మొదట ఉన్నది ఒంటరి లోహ అయాను. సైలేన్ అణువు ఒక్కొక్కటే వచ్చి లోహం మీద తగిలి, హైడ్రోజన్ వదిలి, సిలికాన్‌ని అంటించి పోతుంది. ఈ వరస సాగడానికి లోహం బయటికి కనిపించాలి. పంజరం మూసుకోగానే తర్వాత వచ్చే సైలేన్‌కి చర్య జరిపే చోటు దొరకదు, పెరుగుదల ఆగుతుంది. అంటే అక్కడ కనిపించే 12 ‘తలుపు మూసుకున్న’ సంఖ్య. ఉన్న అన్ని సైజుల్లోకీ అత్యంత స్థిరమైనదని దాని అర్థం కాదు.

బెక్ పద్ధతిలో లేజర్ సిలికాన్ని ఆవిరి చేస్తుంది, హీలియంతో పాటు లోహ కార్బొనిల్ ఆవిరి వస్తుంది. సిలికాన్ పరమాణువులకు కొదవ లేదు, పెరగడానికి లోహం కనిపించాల్సిన పనీ లేదు. క్లస్టర్లు వేడిగా పుట్టి, హీలియం తాకిడికి చల్లబడుతూ, కొన్ని పరమాణువులు రాల్చుకుంటూ స్థిరమైన సైజుల వైపు జారతాయి. అక్కడ 15, 16 పైకొస్తాయి. టంగ్‌స్టన్ విషయంలో ఈ రెండు సంఖ్యల తగువును ఖన్నా బృందమే 2015లో ఇలా గతిజ (పెరిగే తీరు), ఉష్ణగతిక (స్థిరత్వం) కారణాలుగా విడదీసి చూపింది.

18 గురించి ఇంకొకటి చెప్పాలి. సైలేన్ ప్రయోగంలో కొలిచినవి ధన అయాన్లు. ఆవేశాన్ని లెక్కలోకి తెస్తే టంగ్‌స్టన్@12 అయానుకి 17 వస్తుంది, 18 రాదు. అయిదు లోహాల వరస అందంగా ఉన్నా, అది చాలా భాగం లోహం సైజు తగ్గే వరస కూడా. హాఫ్నియం నుంచి ఇరిడియం వైపు పోయే కొద్దీ పరమాణువు చిన్నదవుతుంది, చుట్టడానికి తక్కువ సిలికాన్లు చాలు. రెండు కారణాలు ఒకే దిక్కుకి లాగుతున్నప్పుడు ఒకదానికే పేరు కట్టబెట్టకూడదు.

లోహం నిజంగా లోపలుందా అన్నది తేల్చడానికి ఆర్గాన్ పరీక్ష నాకు బాగా నచ్చినది. యాన్సెన్స్, ఫీలికె తదితరులు 2007లో చూపారు: 80 కెల్విన్ దగ్గర ఆర్గాన్ ఉత్త సిలికాన్ క్లస్టర్లకు అంటదు, బయటపడి ఉన్న లోహానికే అంటుతుంది. సైజు పెంచుతూ పోతే ఒక చోట ఆర్గాన్ శిఖరాలు మాయమవుతాయి. ఆ సైజు లోహాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ జాగ్రత్త: ఆర్గాన్ అంటలేదంటే లోహం కప్పబడిందని మాత్రమే. పంజరం ప్రిజమా, ఇంకోటా అన్నది చెప్పదు. దానికి పరారుణ వర్ణపటం కావాలి. క్లేస్ తదితరులు 2011లో 12 నుంచి 16 సిలికాన్ల వెనేడియం ధన అయాన్లకు అది కొలిచి, వెనేడియం@16 అయానుది ఫ్రాంక్-కాస్పర్ ఆకారమని గుర్తించారు. వెనేడియం 5, సిలికాన్లవి 64, ధనావేశానికి ఒకటి తీసేస్తే 68.

అదే 68 కోసం 2005లో నకజిమా బృందం చేసిన పని చూడండి. స్కాండియం@16 రుణ అయానుగా, టైటానియం@16 తటస్థంగా, వెనేడియం@16 ధన అయానుగా ప్రత్యేకించి కనిపించాయి. మూడింటికీ 68. టైటానియం@16 రుణ అయాను ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో (కాంతితో ఎలక్ట్రాన్లను ఊడగొట్టి వాటి శక్తి కొలిచేది) మొదటి చిన్న పట్టీకీ తర్వాతి పట్టీకీ మధ్య 1.90 ఎలక్ట్రాన్ వోల్టులు ఎడం. అదనంగా చేరిన ఒక్క ఎలక్ట్రాన్ పైన ఒంటరిగా కూర్చుని ఉంటేనే అంత ఎడం వస్తుంది.

మాస్ స్పెక్ట్రం చదివేటప్పుడు చాలామంది జారిపడే చోటు ఐసోటోపులు. సిలికాన్-28 వాటా 92.2 శాతం, 29ది 4.7, 30ది 3.1. పన్నెండూ 28 అయ్యే అవకాశం 38 శాతమే, పదహారుకి 27 శాతం. టంగ్‌స్టన్‌కి మళ్లీ 182, 183, 184, 186 అన్నీ గట్టిగానే ఉన్నాయి. పైగా 28కి బదులు ఒక 29 పడితే పెరిగే ద్రవ్యరాశీ, ఒక హైడ్రోజన్ అంటుకుంటే పెరిగేదీ దాదాపు ఒకటే. సైలేన్ పద్ధతిలో ‘హైడ్రోజన్ లేదు’ అని చెప్పాలంటే ఒక్క శిఖరం చూస్తే చాలదు. మొత్తం ఐసోటోపు వరసను లెక్కగట్టి, హైడ్రోజన్ 0, 1, 2, 3, 4 ఉన్న వరసలను కలిపి కొలతకు అతికించాలి. డ్యుటీరియం సైలేన్‌తో ఇంకోసారి చేస్తే హైడ్రోజన్ శిఖరాలు రెండేసి జరుగుతాయి, అనుమానం తీరిపోతుంది.

---

స్ఫటికరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. 54ని రెండు రకాలుగా పంచి చూపడంతో చిక్కు చాలావరకు విడిపోయింది. ఇక గణన వైపు. లోహాన్ని పంజరంలో పెట్టినప్పుడు విడుదలయ్యే శక్తి (ఎంబెడింగ్ శక్తి) ఒక్కో వ్యాసంలో ఒక్కోలా ఉంటోంది. లోహం మీది ఆవేశం కొన్నిచోట్ల రుణం, కొన్నిచోట్ల ధనం. క్రోమియం@12, టంగ్‌స్టన్@12 రెండింటినీ పోల్చాలంటే ఏ వరసలో చేయాలి?

---

తరంగప్రమేయం

స్ఫటికరేఖ గారూ, ఎంబెడింగ్ శక్తిలో గొడవంతా స్పిన్‌దే. క్రోమియం పరమాణువు భూస్థితి సెప్టెట్, ఆరు జతలేని ఎలక్ట్రాన్లు. టంగ్‌స్టన్‌ది క్వింటెట్, నాలుగు. ఉత్త 12 సిలికాన్లది సింగ్లెట్ (జతలేనివి లేవు), తయారైన క్లస్టర్ కూడా సింగ్లెట్. మూడింటినీ భూస్థితుల్లోనే తీసుకుని తీసివేస్తే వచ్చే సంఖ్యలో క్రోమియం తన ఆరు స్పిన్‌లను జతకట్టడానికి చెల్లించిన ఖర్చు కూడా కలిసి ఉంటుంది. ఆ ఖర్చు క్రోమియానికి భారీ. అందుకని కొందరు విగ్నర్-విట్మర్ స్పిన్ నిత్యత్వ నియమం పాటిస్తారు: క్లస్టర్ సింగ్లెట్ అయితే, లోహం సింగ్లెట్ + పంజరం సింగ్లెట్, లేదా లోహం సెప్టెట్ + పంజరం సెప్టెట్ తీసుకుంటారు. ఏదీ తప్పు కాదు, కానీ ఒక వ్యాసంలోని అంకెను ఇంకో వ్యాసంలోని అంకె పక్కన పెట్టే ముందు ఏ నిర్వచనమో చూడాలి. సైజుల మధ్య పోలికకు నేను ఒక సిలికాన్ ఊడగొట్టే శక్తినీ, శక్తి రెండో తేడానీ (ఒక సైజు ఇరుగుపొరుగు సైజుల కన్నా ఎంత స్థిరమో చెప్పేది) ఎక్కువ నమ్ముతాను. ఒంటరి లోహపు స్పిన్ వాటిలోకి రాదు.

ఇంకో సందు ఉంది: ఆ ఉత్త 12 సిలికాన్ల శక్తి ఏ ఆకారానిది? లోహం తీసేసిన ఖాళీ ప్రిజానిదా, పూర్తిగా సడలి వేరే ఆకారంలోకి పోయిన దానిదా? ఖాళీ ప్రిజం నిలవదు. రెండింటి తేడా కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులుండొచ్చు. రెండూ విడివిడిగా రాయండి.

వరస ఇలా పెట్టుకోండి. 12కి కనీసం అయిదు మొదటి ఆకారాలు: షట్కోణ ప్రిజం, యాంటీప్రిజం, ఐకోసాహెడ్రన్, నాలుగు పంచకోణాలూ నాలుగు చతురస్రాలూ ఉన్న, డి2డి సౌష్ఠవపు పంజరం, లోహం బయటపడ్డ బుట్ట. ఒక్కోదాన్ని సౌష్ఠవం లేకుండా, పరమాణువులను 0.05 నుంచి 0.1 ఆంగ్‌స్ట్రాం వరకు ఇష్టమొచ్చిన దిక్కుల్లో కదిపి వదలండి. సౌష్ఠవం బిగించి మొదలుపెడితే ప్రోగ్రాం శిఖరం మీదే నిలబడి ‘చేరిపోయాను’ అంటుంది. 16కి చేత్తో కట్టిన ఆకారాలు చాలవు, బేసిన్-హాపింగ్ గానీ జన్యు అల్గోరిథం గానీ (తక్కువ శక్తి ఆకారాలను తానే వెతికే పద్ధతులు) నడపాలి. దొరికిన వాటిలో ఫ్రాంక్-కాస్పర్ ఆకారమూ, ఎనిమిది పంచకోణాలూ రెండు చతురస్రాలూ ఉన్న ఫుల్లరీన్ తరహా డి4డి ఆకారమూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వెతుకులాట సరిగా సాగలేదు.

ప్రతి ఆకారానికీ సింగ్లెట్, ట్రిప్లెట్, క్వింటెట్ మూడూ చేయాలి. సింగ్లెట్ వచ్చాక తరంగ ప్రమేయ స్థిరత్వ పరీక్ష తప్పనిసరి. క్రోమియంతో ముఖ్యంగా, మూసిన-పెంకు సింగ్లెట్ కింద ఇంకో విరిగిన-సౌష్ఠవ పరిష్కారం (పై స్పిన్, కింది స్పిన్ ఎలక్ట్రాన్లు వేర్వేరు చోట్ల ఉండేది) దాక్కుని ఉండొచ్చు. ఆ పరీక్ష చేయకుండా ఇచ్చిన స్పిన్ ఫలితం నేను నమ్మను.

ఫంక్షనల్ (ఎలక్ట్రాన్ల పరస్పర శక్తికి గణనలో వాడే సూత్రం) విషయానికి వస్తే, పీబీఈ, బీపీ86 లాంటివి తక్కువ స్పిన్ వైపు, ఒత్తుగా కట్టిన ఆకారాల వైపు మొగ్గుతాయి. బీ3లిప్, పీబీఈ0 ఎక్కువ స్పిన్ వైపు. రెండు రకాలూ నడిపి, ఐసోమర్ల తేడా 0.2 ఎలక్ట్రాన్ వోల్టులలోపు ఉండి వరస తారుమారైతే ‘తేలలేదు’ అనే రాయండి. టంగ్‌స్టన్‌కి సాపేక్ష ప్రభావాలు తప్పవు. డెఫ్2-టీజెడ్‌వీపీ అనే బేసిస్‌తో (ఆర్బిటాళ్లను కట్టే ప్రమేయాల సముదాయం) వచ్చే ఈసీపీ (లోపలి ఎలక్ట్రాన్లకు బదులు వాడే పొటెన్షియల్) 60 లోపలి ఎలక్ట్రాన్లను పక్కనపెట్టి 14ని లెక్కలో ఉంచుతుంది. క్రోమియంకి అదే బేసిస్‌లో అన్ని ఎలక్ట్రాన్లూ ఉంటాయి. ఈ పంజరాల్లో మెత్తని కంపనాలు ఎక్కువ, ముతక గ్రిడ్‌తో (సమాకలన బిందువుల వల) సెంటీమీటరుకు 20, 30 మేర కాల్పనిక తరంగ సంఖ్యలు పుట్టుకొస్తాయి. అలా కనిపిస్తే ముందు గ్రిడ్ పెంచి చూడండి, ఆకారం మార్చడం తర్వాత.

ఎడం పోల్చేటప్పుడు ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. పైన చెప్పిన 1.90ని తటస్థ క్లస్టర్ ఆర్బిటాల్ శక్తుల తేడాతో నేరుగా పోలుస్తారు. ఆ తేడా ఫంక్షనల్‌లో ఎక్స్ఛేంజ్ పాలు పెంచితే పెరిగిపోతుంది. వర్ణపటంలో మొదటి పట్టీ రుణ అయాను తటస్థ సింగ్లెట్‌గా మారడం, రెండోది తటస్థ ట్రిప్లెట్‌గా మారడం. కాబట్టి రుణ అయాను ఆకారం దగ్గర ఆ రెండు స్థితుల మొత్తం శక్తులూ లెక్కగట్టి తీసివేయండి. అప్పుడు సాటి వస్తువుతో సాటి వస్తువును పోల్చినట్టు.

ఆవేశం సంగతి క్లుప్తంగా: నేచురల్ పాపులేషన్ పద్ధతి మధ్యలోని లోహానికి పెద్ద రుణ సంఖ్య చూపడం మామూలే, బేడర్ పద్ధతి అలా చూపకపోవచ్చు. పంజరపు ఎలక్ట్రాన్లు లోహం వైపు ఒరిగి ఉంటాయి, వాటిని ఎవరి ఖాతాలో వేయాలన్నది పద్ధతి ఇష్టం. పౌలింగ్ విద్యుదృణాత్మకతలు టంగ్‌స్టన్‌కి 2.36, సిలికాన్‌కి 1.90, క్రోమియంకి 1.66, టైటానియంకి 1.54. ఈ ఆవేశాల నుంచి ఆక్సిడేషన్ సంఖ్య తీయొద్దు. ఒకే పద్ధతిలో లోహాల వరసలో అది ఎటు కదులుతుందో చూడడానికి మాత్రం పనికొస్తుంది.

---

గుచ్ఛగణితం

రెండో ప్రశ్నకి సగమే జవాబిచ్చాను. ఎలక్ట్రాన్ల సంఖ్య ఒక్కటే ఆకారాన్ని తేల్చదనడానికి గట్టి రుజువు పక్కింట్లో, జింటిల్ అయాన్లలో (సీసం, జెర్మేనియం లాంటి వాటి రుణావేశ క్లస్టర్లు) ఉంది.

10 సీసం పరమాణువుల నడుమ నికెల్, ఆవేశం మైనస్ 2: నికెల్‌వి 10, సీసం పరమాణువులవి 40, ఆవేశానివి 2, మొత్తం 52. స్ఫటికంలో దాని ఆకారం రెండు టోపీల చతురస్ర యాంటీప్రిజం, త్రిభుజాల పంజరం. 10 జెర్మేనియంల నడుమ కోబాల్ట్, ఆవేశం మైనస్ 3: 9, 40, 3, మళ్లీ 52. ఇది 2009లో స్ఫటికంగా దొరికింది. ఆకారం పంచకోణ ప్రిజం, మూలకి మూడు పొరుగులు! అదే సంవత్సరం వచ్చిన ఇనుము-జెర్మేనియం అయానుకి 51, అదీ పంచకోణ ప్రిజమే.

ఒకే 52తో రెండు ఆకారాలు ఎందుకంటే, నికెల్ డి ఆర్బిటాళ్లు లోతుగా, ముడుచుకుని ఉంటాయి. పదీ తన దగ్గరే పెట్టుకుంటుంది. పంజరానికి మిగిలేవి 42, అంటే ఎన్ మూలల త్రిభుజాల పంజరానికి వేడ్ నియమం అడిగే 4ఎన్+2. త్రిభుజాల పంజరం వస్తుంది. రుణావేశం మీద ఉన్న కోబాల్ట్, ఇనుముల డి ఆర్బిటాళ్లు పైకి లేచి, విచ్చుకుని ఉంటాయి, పంజరంతో పంచుకుంటాయి. పంజరం తన ఖాతాలో 5ఎన్, అంటే 50 దగ్గరికి చేరుతున్నట్టు ప్రవర్తించి, త్రిభుజాలు విప్పుకుని ప్రిజంగా తెరుచుకుంటుంది.

సిలికాన్‌కి తిరిగి వస్తే ఇదే సూత్రం. లోహం వరసలో ఎడమకి జరిగే కొద్దీ డి ఎలక్ట్రాన్లు పంజరంలో కలిసిపోతాయి, కుడికి జరిగే కొద్దీ లోహం తనకే దాచుకుంటుంది. నడుమ మాంగనీస్ ఉన్న పంజరాల్లో దీన్ని స్పిన్ రూపంలో చూడొచ్చు: లోహం బయట ఉన్నంతసేపు ఎక్కువ స్పిన్, లోపలికి పోయిన సైజు దగ్గరే అది అణిగిపోతుందని 2013లో ఎక్స్-రే కొలతలు చూపాయి. పొరుగులు పెరిగి, దూరాలు తగ్గి, డి ఎలక్ట్రాన్లు బంధాల్లోకి లాగబడ్డాయన్నమాట.

68 మీద చిన్న చేర్పు. 16 మూలల త్రిభుజాల పంజరానికి వేడ్ లెక్క 66 అడుగుతుంది, మన దగ్గర రెండు ఎక్కువ. టెట్రాహెడ్రన్ సౌష్ఠవమున్న పంజరాల్లో, 4, 10, 16 మూలల వాటిలో, 4ఎన్+2 వద్ద ఒక జంట ఆర్బిటాళ్లు సమశక్తితో సగమే నిండుతాయి. అందుకని వాటికి నప్పేవి 4ఎన్ లేదా 4ఎన్+4. 16కి 4ఎన్+4 వేస్తే 68. పెంకుల నమూనా, పంజరాల నమూనా రెండూ ఇక్కడ ఒకే చోటికి వస్తాయి కాబట్టే టైటానియం@16 అంత దృఢం. క్రోమియం@12కి అలాంటి రెండో ఆధారం లేదు.

---

కిరణపుంజం

ఎవరైనా ఇది చదివి ఇనుముతో మొదలుపెట్టేలోగా చెప్పాలి. ఇనుము-56 ద్రవ్యరాశి 55.935, రెండు సిలికాన్-28లది 55.954. ఇనుము@12, ఉత్త 14 సిలికాన్ల క్లస్టర్ రెండూ 392 దగ్గరే పడతాయి, తేడా 0.019. వాటిని విడదీయాలంటే 20,000 పైచిలుకు వియోజన శక్తి (రిజల్యూషన్) కావాలి, మామూలు టైమ్-ఆఫ్-ఫ్లైట్ పరికరంతో అది కష్టం. ఐసోటోపు వేరుచేసిన ఇనుము-54 లక్ష్యం వాడితే శిఖరం 390కి జరుగుతుంది. సిలికాన్‌కి 28 కన్నా తేలిక స్థిర ఐసోటోపు లేదు కాబట్టి అక్కడ 14 సిలికాన్ల క్లస్టర్ అడ్డం రాదు. 13 సిలికాన్ల క్లస్టర్ 364 దగ్గర మొదలై కొన్ని అంకెల్లోనే ముగిసిపోతుంది. క్రోమియం-52, వెనేడియం-51, స్కాండియం-45తో ఈ ఇబ్బంది లేదు.